ముందు ఆల్ఫా, తరువాతే బీటా

(దివిసీమ ఉప్పెన మృతుల స్మారకార్థం అవనిగడ్డలో చేసిన ఉపన్యాసానికి అచ్చుపాఠం)



1977 నవంబరు 19న సముద్రం ఈ సీమ మీదికి వచ్చింది. పదివేల మందికి పైగా మనుషుల్ని తీసుకుపోయింది. సొర్లగొంది, పాలకాయతిప్ప, నాగాయలంక, కోడూరు... ఆ రాత్రి సంగతి నాకంటే మీకే బాగా తెలుసు. ఏటా ఈ రోజున కరకట్టల గురించీ, మడ అడవుల గురించీ, తుఫాను షెల్టర్ల గురించీ తెలిసినవాళ్ళు మాట్లాడతారు. అది అవసరం. ఈసారి ఫార్మకాలజీ పాఠాలు చెప్పుకుంటూ వచ్చిన నన్ను పిలిచి, "మా ఊళ్ళల్లో బీపీ మాత్ర లేని ఇల్లు వెతకాలండీ ఇప్పుడు. ఆ మాత్ర ఒంట్లోకి వెళ్ళి ఏం చేస్తుందో మాకు అర్థమయ్యేలా చెప్పండి" అన్నారు. పోయినవాళ్ళను తలుచుకునే రోజున, ఉన్నవాళ్ళ ప్రాణానికి పనికొచ్చే మాట చెప్పమనడం నాకు నచ్చింది. ఈ సభలో ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు, పల్లెల్లో ప్రాక్టీసు చేసే పెద్దలు, బందరు మెడికల్ కాలేజీ పిల్లలు ఉన్నారు. అందుకని అక్కడక్కడా కాస్త లోతుకు దిగుతాను. ఓపిక పట్టండి.

నీళ్ళు గుమ్మం దాటి వస్తున్నాయని తెలిసిన క్షణాన మనిషి ఒంట్లో ఏం జరుగుతుందో ముందు చూద్దాం. మూత్రపిండాల పైనున్న అడ్రినల్ గ్రంథులు రక్తంలోకి అడ్రినలిన్ వదులుతాయి. ఒళ్ళంతా పరుచుకున్న సింపథెటిక్ నరాల కొసల నుంచి నార్‌అడ్రినలిన్ ఊరుతుంది. గుండె వేగం పెరుగుతుంది, గట్టిగా కొట్టుకుంటుంది. చర్మంలో, పేగుల్లో రక్తనాళాలు ముడుచుకుంటాయి, అందుకే ఒళ్ళు చల్లబడి పాలిపోతుంది. తొడల్లో, భుజాల్లో కండరాలకు వెళ్ళే నాళాలు మాత్రం విచ్చుకుంటాయి. ఊపిరి గొట్టాలు తెరుచుకుంటాయి. కాలేయం దాచుకున్న చక్కెరను రక్తంలోకి వదులుతుంది. కంటిపాప పెద్దదవుతుంది. ఆ రాత్రి తాడిచెట్టు పట్టుకుని తెల్లవార్లూ వేలాడి బతికినవాళ్ళకు ఆ బలం ఇలాగే వచ్చింది.

ఇందులో ఒక చిక్కు ఉంది. అదే పదార్థం ఒకచోట నాళాన్ని ముడుస్తుంది, ఇంకోచోట విప్పుతుంది. గుండెను పరుగెత్తిస్తుంది, పేగును ఆపేస్తుంది. ఒకే మందుకు ఇన్ని ఎదురెదురు పనులు ఎలా వచ్చాయి? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు దొరకడానికి యాభై ఏళ్ళు పట్టింది.

పులిగడ్డ అక్విడెక్టు దాటి దివిసీమకు వచ్చే కాలువను తలుచుకోండి. కాలువలో నీరు ఒకటే. ఒక తూము వరిచేలోకి తెరుచుకుంటుంది, ఒకటి చేపల చెరువులోకి, ఇంకొకటి తాగునీటి చెరువులోకి. నీరు చేసే పని ఏదన్నది తూము ఎటు తెరుచుకుంటుందన్న దాన్ని బట్టి ఉంటుంది. అడ్రినలిన్ ఆ నీరు, కణాల మీద ఉండే రిసెప్టర్లు ఆ తూములు. బ్లాకర్ అంటే తూముకు వేసే పలక. కాలువ నిండుగా పారుతున్నప్పుడు ఒక తూముకు పలక వేస్తే నీరు ఆగదు, మిగిలిన తూముల మీద పడుతుంది. ఏ తూము ముందు మూయాలి, ఏది తరువాత అన్నది లాకుల దగ్గర పనిచేసేవాడికి తెలిసి ఉండాలి. నేను ఇవాళ చెప్పదలచుకున్నదంతా ఆ వరస గురించే.

1906లో లండన్లో హెన్రీ డేల్ పిల్లుల మీద ప్రయోగాలు చేస్తూ ఒక వింత చూశాడు. ఎర్గాట్ అనే బూజు నుంచి తీసిన మందు ముందు ఇచ్చి, ఆ తరువాత అడ్రినలిన్ ఎక్కిస్తే, ఎప్పుడూ పెరిగే రక్తపోటు పెరగలేదు సరికదా, పడిపోయింది. మన భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు మద్రాసులో వైద్యం చదువుకుని బందరులో ప్రాక్టీసు చేసుకుంటున్న కాలం అది. అప్పటి డాక్టరు చేతిలో బీపీ తగ్గించే నికరమైన మందు లేదు. డేల్ చూసినదాన్ని జాగ్రత్తగా రాసిపెట్టాడు. నాళాన్ని ముడిచే దారి మూసుకుపోతే, విప్పే దారి ఒక్కటే మిగిలి పైకి కనిపించిందని ఇప్పుడు మనం చెప్పగలం. ఆ రోజుల్లో అలా చెప్పడానికి కావలసిన ఆలోచన ఇంకా పుట్టలేదు.

అది 1948లో పుట్టింది. అమెరికాలో జార్జియా వైద్య కళాశాలలో రేమండ్ ఆల్క్విస్ట్ అనే ఆయన గర్భాశయాన్ని సడలించే మందు వెతుకుతూ, అడ్రినలిన్ జాతి రసాయనాలు కొన్నిటిని తీసుకుని, ఒక్కొక్క అవయవం మీద ఏది ఎంత బలంగా పనిచేస్తుందో వరస కట్టాడు. రెండే వరసలు వచ్చాయి. నాళాలు ముడుచుకునే చోట అడ్రినలిన్ ముందు, ఐసోప్రెనలిన్ చివర. గుండె వేగం పెరిగేచోట, నాళాలు విచ్చుకునేచోట ఐసోప్రెనలిన్ ముందు. వరసలు రెండు కాబట్టి రిసెప్టర్లు కూడా రెండు జాతులని తేల్చి, వాటికి ఆల్ఫా, బీటా అని పేర్లు పెట్టాడు. మొదట పంపిన పత్రిక ఆ వ్యాసాన్ని తిప్పిపంపింది. వేరే పత్రిక అచ్చు వేసింది. చాలా ఏళ్ళు ఎవరూ పట్టించుకోలేదు. పేరున్న శాస్త్రవేత్తలు కూడా రిసెప్టర్ అన్నది ఊహే అనుకునేవారు. 2012లో ఆ బీటా రిసెప్టర్ రూపాన్ని అణువణువూ చూపించిన లెఫ్కోవిట్జ్, కొబిల్కాలకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆల్క్విస్ట్ అప్పటికి లేడు.

బీటా రిసెప్టర్ లోపల జరిగే పనికి మన గోదావరి పక్క మనిషితో సంబంధం ఉంది, అది చెప్పకుండా ముందుకు పోలేను. అడ్రినలిన్ వచ్చి బీటా రిసెప్టరును తాకితే, కణం లోపల ఏటీపీ అనే పదార్థం సైక్లిక్ ఏఎంపీగా మారుతుంది. అది గుండె కణంలోకి కాల్షియం ఎక్కువగా వచ్చేలా చేస్తుంది, గుండె గట్టిగా బిగుసుకుంటుంది. ఆ ఏటీపీని 1929లో హార్వర్డులో ఫిస్కేతో కలిసి కనుగొన్నది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. అదే ఏడాది జర్మనీలో లోమాన్ కూడా విడిగా కనుగొన్నాడు. బందరు కాలేజీ పిల్లలకు నా విన్నపం: బీటా బ్లాకర్ పాఠం చదివేటప్పుడు ఏటీపీ అన్న మూడక్షరాల దగ్గర ఒక్క నిమిషం ఆగి ఈ పేరు తలుచుకోండి. పాఠ్యపుస్తకం ఆ పని చేయదు.

ఇక బీటా బ్లాకర్ పుట్టుక. జేమ్స్ బ్లాక్ స్కాట్లండు మనిషి. వైద్యం చదివి, చదువు అప్పులు తీర్చుకోవడానికి సింగపూరు వెళ్ళి పాఠాలు చెప్పి వచ్చినవాడు. ఆయన తండ్రి కారు ప్రమాదం తరువాత గుండెపోటుతో చనిపోయాడు. భయమూ ఆందోళనా గుండెను ఎలా పడగొడతాయన్న ఆలోచన ఆయన్ను వదల్లేదు. ఆ రోజుల్లో గుండెనొప్పికి వైద్యమంటే గుండెకు రక్తం ఎక్కువ పంపే మార్గం వెతకడమే. బ్లాక్ ప్రశ్నను తిరగేశాడు. రక్తం పెంచలేకపోతే, గుండె అడిగే ప్రాణవాయువునే తగ్గిస్తే? అంటే అడ్రినలిన్ గుండెను తోలకుండా ఆపితే? ఒక పాఠ్యగ్రంథంలో ఆల్క్విస్ట్ రాసిన అధ్యాయం ఆయన కంటపడింది. 1958లో ఐసీఐ అనే కంపెనీలో చేరి, 1962లో ప్రొనెథలాల్ తెచ్చాడు. అది పనిచేసింది, కాని ఎలుకల్లో కణితులు వచ్చాయి. దాన్ని పక్కన పెట్టి 1964లో ప్రొప్రనలాల్ తెచ్చాడు. గుండెనొప్పి తగ్గింది. అదే మందు బీపీ కూడా తగ్గిస్తుందని బ్రయాన్ ప్రిచర్డ్ అనే వైద్యుడు గమనించాడు, అది ఎవరూ ఎదురుచూడని సంగతి. 1988లో బ్లాక్‌కు నోబెల్ వచ్చింది.

ఈ మందుల గొప్పతనాన్ని తక్కువ చేసి చెప్పకూడదు. గుండెపోటు వచ్చి బతికిన 3,837 మందికి అమెరికాలో చేసిన పరీక్షలో, ప్రొప్రనలాల్ వాడినవాళ్ళలో 7.2 శాతం మంది, ఉత్తుత్తి మాత్ర వాడినవాళ్ళలో 9.8 శాతం మంది చనిపోయారు. గుండె బలహీనపడి కాళ్ళు వాచి ఆయాసపడే మనిషికి ఈ మందులు ఇవ్వనే కూడదని మా తరం చదువుకుంది. స్వీడన్లో వాగ్‌స్టైన్ బృందం 1975లోనే తక్కువ మోతాదుతో మొదలుపెట్టి ఇస్తే మేలు జరుగుతుందని చూపింది. ఆ మాట నమ్మడానికి లోకానికి 1999 దాకా పట్టింది. ఆ ఏడాది వచ్చిన సిబిస్-2 పరీక్షలో బిసొప్రొలాల్ వాడినవాళ్ళలో మరణాలు 17.3 శాతం నుంచి 11.8కి దిగాయి. నిషేధించిన మందే ప్రాణం పోసే మందయింది. మరోపక్క, గుండెపోటు తరువాత కూడా గుండె బలం బాగానే ఉన్నవాళ్ళకు బీటా బ్లాకరు వల్ల పెద్ద లాభం కనిపించలేదని 2024లో స్వీడన్ నుంచి ఇంకో పరీక్ష వచ్చింది. శాస్త్రం తన మాట తానే సరిచూసుకుంటుంది, అందుకే దాన్ని నమ్ముతాను.

మన ఊళ్ళకు వద్దాం. ఈ శతాబ్దం మొదట్లో ఉభయ గోదావరి జిల్లాల్లో 45 గ్రామాల్లో మరణాలకు కారణాలు వెతికితే, 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బుల వల్లేనని తేలింది. పల్లెల్లో జనం జ్వరాలతో, విరేచనాలతో పోతారనుకున్న మాట అప్పటికే పాతబడిపోయింది. ఆ నేల మన నేలే, తిండీ మన తిండే. మన డెల్టా భిన్నంగా ఉంటుందని అనుకోవడానికి కారణమేమీ నాకు కనపడదు.

చాలా ఇళ్ళల్లో బీపీ మాత్ర అంటే అటెనలాల్. చవక, రోజుకొక్కటి, దొరకని ఊరు లేదు. ఏళ్ళ తరబడి దాన్నే మొదటి మాత్రగా రాశాం. 2002లో వచ్చిన లైఫ్ పరీక్షలో అటెనలాల్ వాడినవాళ్ళకంటే లోసార్టాన్ వాడినవాళ్ళలో పక్షవాతం నాలుగో వంతు తక్కువ కనిపించింది. 2004లో లాన్సెట్ పత్రికలో స్వీడన్ వైద్యులు, అటెనలాల్ బీపీ అంకెను దించుతుంది కాని ఆ మేరకు ప్రాణాలు కాపాడటం లేదని చూపారు. 2006లో ఇంగ్లండు మార్గదర్శకాలు బీటా బ్లాకర్లను మామూలు బీపీకి మొదటి మందుల జాబితాలోంచి తీసేశాయి. ఇప్పుడు మన ప్రభుత్వ కార్యక్రమాల్లో ఇచ్చేది ఎక్కువగా ఆమ్లోడిపిన్, టెల్మిసార్టాన్. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. గుండెనొప్పి, గుండెపోటు, గుండె బలహీనత, గుండె లయ తప్పడం, ఇలాంటివేమీ లేని మనిషికి కేవలం బీపీ ఉందని అటెనలాలుతో మొదలుపెట్టే అలవాటును పల్లె వైద్యంలోంచి తీసేయాలి.

కాని ఈ మాట విని ఇంటికి వెళ్ళి ఎవరూ ఆ మాత్ర మానేయకండి. ఎందుకో వినండి. బీటా రిసెప్టర్లను నెలల తరబడి మూసి ఉంచితే, గుండె కణాలు ఆ లోటు తీర్చుకోవడానికి ఇంకొన్ని రిసెప్టర్లు పైకి తెచ్చుకుంటాయి. ఒక్కసారిగా మాత్ర ఆపితే, పెరిగిన ఆ రిసెప్టర్లన్నీ అడ్రినలిన్‌కు ఒకేసారి దొరుకుతాయి. గుండె దడ, బీపీ ఎగబాకడం, గుండెనొప్పి, ఒక్కోసారి గుండెపోటు. 1975లోనే ఈ ప్రమాదాన్ని లోకానికి చెప్పారు. మానాలంటే డాక్టరు చెప్పిన మోతాదులో పది, పదిహేను రోజుల మీద తగ్గించుకుంటూ రావాలి. గుడివాడ పక్కన చాలామంది హోమియో మందులు కూడా వాడుతుంటారు, 1945 నుంచి హోమియో కళాశాల ఉన్న ఊరు అది. ఏ వైద్యం మొదలుపెట్టినా ఈ మాత్రను మాత్రం టక్కున ఆపకండి.

ఇది డెల్టాలో ఎందుకు మరీ ముఖ్యమంటే, మన దగ్గర మాత్ర ఆగిపోయేది మతిమరుపు వల్ల మాత్రమే కాదు. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వదిలారు, లంకలు మునిగాయి. 2013 నవంబరులో హెలెన్ తుఫాను బందరు దగ్గరే తీరం దాటింది. ఇల్లు వదిలి పునరావాస కేంద్రానికి వెళ్ళిన మనిషికి భయంతో అడ్రినలిన్ పెరిగి ఉంటుంది, అదే రోజు మాత్ర ఆగిపోతుంది. రెండూ ఒకేసారి పడతాయి. కేంద్రాల్లో ఓఆర్ఎస్, జ్వరం బిళ్ళలు, పాముకాటు మందు పెడుతున్నాం. వాటి పక్కన బీపీ మాత్రల పెట్టె ఒకటి, ఎవరు ఏ మాత్ర మీద ఉన్నారో ఆశా కార్యకర్త దగ్గర ఒక పుస్తకం ఉండాలి. ఇందుకు పెద్ద ఖర్చు లేదు.

బీటా బ్లాకరు పడనివాళ్ళు ఎవరో చెప్పాలి. బీటా రిసెప్టర్లలోనూ రెండు ముఖ్యమైన రకాలున్నాయి. గుండెలో ఎక్కువగా బీటా-1, ఊపిరి గొట్టాల్లో బీటా-2. ప్రొప్రనలాల్ రెండిటినీ మూస్తుంది. ఉబ్బసం ఉన్న మనిషికి అది ఇస్తే ఊపిరి గొట్టాలు బిగుసుకుని ప్రాణం మీదికి రావచ్చు. అటెనలాల్, మెటొప్రొలాల్ ఎక్కువగా బీటా-1నే పట్టుకుంటాయి. మోతాదు పెరిగితే ఆ తేడా చెరిగిపోతుంది, దాన్ని నమ్ముకుని ఉబ్బసం మనిషికి రాయకూడదు. చక్కెర జబ్బుకు ఇన్సులిన్ చేసుకునేవాళ్ళు ఇంకో విషయం గుర్తుంచుకోవాలి. చక్కెర పడిపోయినప్పుడు గుండెదడ, చేతుల వణుకు హెచ్చరికగా వస్తాయి. ఈ మాత్ర ఆ రెండిటినీ కప్పేస్తుంది, చెమట ఒక్కటే మిగులుతుంది. బీటా బ్లాకర్ వాడే చక్కెర మనిషికి అకారణంగా చెమటలు పడితే ముందు చక్కెర చూడండి. అటెనలాల్ మూత్రపిండాల ద్వారానే బయటికి పోతుంది. మన పాత కృష్ణా జిల్లాలోనే ఎ.కొండూరు తండాల కిడ్నీ జబ్బు గురించి ఎంత వింటున్నామో తెలుసు. కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళలో ఈ మాత్ర ఒంట్లో పేరుకుని నాడిని ప్రమాదకరంగా తగ్గించగలదు.

ఇప్పుడు ఆల్ఫా వైపు. నా మనసంతా ఇక్కడే ఉంది.

డేల్ వాడిన ఎర్గాట్ నిజానికి ఆల్ఫాను మూసిన మందు. ఆ తరువాత ఫినాక్సీబెంజమిన్, ఫెంటొలమిన్ వచ్చాయి. వాటితో బీపీ తగ్గేది కాని గుండె విపరీతంగా పరుగెత్తేది. కారణం ఆల్ఫాలో కూడా రెండు రకాలుండటం. ఆల్ఫా-1 నాళాన్ని ముడుస్తుంది. ఆల్ఫా-2 నరం కొస మీద కూర్చుని, నార్‌అడ్రినలిన్ ఎక్కువైతే చాలు ఇక ఆపమని నరానికి చెబుతుంది. పాత మందులు ఆ ఆపేదాన్ని కూడా మూసేసేవి, దాంతో నార్‌అడ్రినలిన్ ఇంకా ఊరి గుండె మీద పడేది. 1970ల్లో ప్రాజోసిన్ వచ్చింది. అది ఆల్ఫా-1ను మాత్రమే మూసి, ఆల్ఫా-2ను దాని పని దాన్ని చేసుకోనిచ్చింది. బీపీ మందుగా పుట్టిన ఈ మాత్ర అసలైన గొప్ప పని మన దేశంలో, ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చేసింది.

మహారాష్ట్రలో రాయగఢ్ జిల్లా మహాడ్ దగ్గర బిర్వాడి ఆరోగ్య కేంద్రానికి 1976లో హిమ్మత్‌రావు బావస్కర్ అనే యువ డాక్టరు వెళ్ళాడు. కొంకణంలో ఎర్ర తేలు కుట్టి పిల్లలు చనిపోతున్నారు. ఈ ఎర్ర తేలు ఆంధ్రప్రదేశ్‌లో కూడా ఉంది. మనం మండ్రగబ్బను చూసి ఎక్కువ భయపడతాం. నల్లగా, పెద్దగా ఉండే దాని విషం సాధారణంగా నొప్పితో పోతుంది. చిన్నగా, ఎర్రగా ఉండేదే మనిషిని చంపుతుంది. అప్పటి పాఠ్యపుస్తకాల్లో దీనికి వైద్యం సరిగా లేదు. బావస్కర్ రాత్రుళ్ళు రోగుల పక్కనే కూర్చుని, గంట గంటకూ నాడి, బీపీ, చెమట, చేతుల చల్లదనం రాసుకున్నాడు. 1982లో లాన్సెట్‌లో ఆ లక్షణాల వ్యాసం అచ్చయింది. వాంతులు, ఒళ్ళంతా కారే చల్లచెమటలు, నోట్లో ఊరే లాలాజలం, మగపిల్లల్లో అంగస్తంభన, చల్లబడిపోయిన చేతులూ కాళ్ళూ. ఇవి కనిపిస్తే కొద్ది గంటల్లో గుండె దెబ్బతినబోతోందని అర్థం.

విషం చేసే పని ఇది. నరాల మీదున్న సోడియం తలుపులు మూసుకోకుండా తెరిచి ఉంచుతుంది. నరాలన్నీ ఆగకుండా మోగుతుంటాయి. అడ్రినలిన్, నార్‌అడ్రినలిన్ కట్టలు తెంచుకుని రక్తంలోకి వస్తాయి. అవి ఆల్ఫా-1 ద్వారా ఒంట్లోని చిన్న నాళాలన్నిటినీ బిగిస్తాయి. గుండె ఆ బిగువుకు ఎదురొడ్డి రక్తం తోయాలి. కొంతసేపు తోస్తుంది, తరువాత ఓడిపోతుంది. రక్తం వెనక్కి తన్ని ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. నోట్లోంచి నురగ వస్తుంది. విషం ఇన్సులిన్ విడుదలను కూడా ఆపేస్తుంది, గుండెకు తిండి కూడా సరిగా అందదు.

గుండె అంత దడగా కొట్టుకుంటోంది కదా, బీటా బ్లాకర్ ఇద్దామని ఏ డాక్టరుకైనా అనిపిస్తుంది. అనిపించడంలో తప్పు లేదు, ఇవ్వడంలో ఉంది. బీటాను మూస్తే, ఆ అడ్రినలిన్ అంతా అడ్డులేకుండా ఆల్ఫా మీద పడుతుంది. కండరాల్లో నాళాలను విప్పే బీటా-2 కూడా పోతుంది. నాళాలు ఇంకా బిగుస్తాయి. ఎదురీదుతున్న గుండెకు బీటా ఇచ్చే బలం ఒక్కటే మిగిలింది, దాన్ని కూడా మనమే లాగేసుకున్నట్టవుతుంది. ఇక్కడ ముందు మూయవలసింది ఆల్ఫా.

బావస్కర్ 1980ల్లో ప్రాజోసిన్ ఇవ్వడం మొదలుపెట్టాడు. 1986లో లాన్సెట్‌లో రాశాడు. ఊపిరితిత్తుల్లో నీరు చేరినవాళ్ళలో ముప్పై శాతం దాకా ఉండే మరణాలు, ఈ మాత్ర త్వరగా ఇచ్చినచోట ఒకటి రెండు శాతానికి దిగాయి. 2011లో ఆయనా, ఆయన సతీమణి ప్రమోదినీ బావస్కరూ, తేలు విషానికి విరుగుడు సీరం, ప్రాజోసిన్ రెండూ కలిపి ఇస్తే ఇంకా త్వరగా కోలుకుంటారని బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో చూపారు. రెండూ అందిన 35 మందిలో 32 మంది పది గంటల్లో తేరుకుంటే, ప్రాజోసిన్ ఒక్కటే అందిన 35 మందిలో 8 మంది ఆ వేళకు తేరుకున్నారు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. నాకు అంతకంటే పెద్ద విషయం, ఈ పని అంతా పెద్దాసుపత్రిలో కాకుండా, కరెంటు కూడా సరిగా లేని ఒక ఊళ్ళో, చేతి గడియారం, బీపీ మిషను, నోటుపుస్తకంతో మొదలైంది. బందరు కాలేజీ పిల్లలు ఈ మాట గుర్తుపెట్టుకోండి. మీ కాలేజీ 2023 సెప్టెంబరులో మొదలైంది, మీ లైబ్రరీ ఇంకా చిన్నదే. అవనిగడ్డ, గుడివాడ, చల్లపల్లి వార్డులు ఎంత పెద్ద పుస్తకమో బిర్వాడి చూపించింది.

అదే వరస ఇంకోచోటా వస్తుంది. అడ్రినల్ గ్రంథిలో వచ్చే ఫియోక్రోమోసైటోమా అనే కణితి తనంత తానే అడ్రినలిన్ కుమ్మరిస్తుంటుంది. అరుదైన జబ్బు. ఆపరేషనుకు ముందు ఆల్ఫా బ్లాకర్ ఇచ్చి, నాళాలు సడలాయని నమ్మకం కుదిరాకే బీటా ఇస్తారు. తలకిందులుగా ఇస్తే బీపీ ఆకాశానికి పోయి రోగి టేబుల్ మీదే పోవచ్చు.

కొన్ని సంగతులు త్వరగా చెప్పేస్తాను. వయసైన మగవాళ్ళు మూత్రం సరిగా రావడం లేదని వాడే టామ్సులోసిన్ కూడా ఆల్ఫా-1 బ్లాకరే. ప్రోస్టేటు, మూత్రాశయం మెడ దగ్గర కండరాన్ని సడలిస్తుంది. కంటిపాపను తెరిచే కండరం మీద కూడా పనిచేస్తుంది. ఈ మాత్ర వాడేవాళ్ళకు శుక్లం ఆపరేషన్ చేసేటప్పుడు కంటిపాప సరిగా తెరుచుకోదనీ, కంటిపాప చుట్టూ ఉండే పొర వదులై సాధనాలకు అడ్డం పడుతుందనీ 2005లో అమెరికాలో గమనించారు. ముందే తెలిస్తే సర్జనుకు పెద్ద ఇబ్బంది లేదు. కంటి క్యాంపుకు వెళ్ళే ప్రతి తాతగారికీ ఈ ప్రశ్న వేయాలి. వెళ్ళేముందు ఆపేస్తే సరిపోతుందనుకోకండి, ఆపినా ఆ ప్రభావం చాలా కాలం మిగులుతుంది. చెప్పడం ముఖ్యం.

ఆల్ఫా, బీటా రెండూ మూసే లబెటలాల్ గర్భిణుల బీపీకి మన చేతిలో ఉన్న మంచి మందుల్లో ఒకటి. ఏడో నెల దాటాక బీపీ పెరిగి, తలనొప్పి, కళ్ళు మసకబారడం, గుర్రపువాతం దాకా వెళ్ళే ఆడపిల్లలను ఏఎన్ఎంలు ఎందరినో చూసి ఉంటారు. ఉబ్బసం ఉన్న తల్లికి మాత్రం ఇది పడదని రిఫర్ చేసే చీటీ మీద రాయండి. గుండె బలహీనతకు వాడే కార్వెడిలాల్ కూడా రెండిటినీ మూసేదే.

ప్రాజోసిన్ మొదటి మాత్ర తరువాత లేచి నిలబడితే కళ్ళు తిరిగి పడిపోవచ్చు. తేలు కుట్టిన పిల్లవాడిని పడుకోబెట్టే ఉంచాలి, ఎత్తుకుని తిప్పకూడదు. పిల్లలకు కిలో బరువుకు 30 మైక్రోగ్రాములు, పెద్దలకు అర మిల్లీగ్రాము. చేతులూ కాళ్ళూ వెచ్చబడేదాకా డాక్టరు పర్యవేక్షణలో మూడు గంటలకోసారి ఇస్తారు. వెచ్చబడటమే మందు పనిచేసిందని చెప్పే గుర్తు.

2018 వర్షాకాలంలో దివిసీమలో పాముకాట్లు వరసగా వచ్చి అవనిగడ్డ ఆసుపత్రికి జనం పరుగులు తీసినప్పుడు, మోపిదేవిలో సర్పశాంతి యాగం జరిగినప్పుడు, యాంటీవీనం నిల్వల గురించి రాష్ట్రమంతా మాట్లాడింది. తేలు మందు గురించి అలాంటి చర్చ నేను వినలేదు. సభ అయ్యాక ఈ సీమలోని ఆరోగ్య కేంద్రాల డాక్టర్లూ, ఫార్మసిస్టులూ మీ మీ స్టోర్లలో ఒక్కసారి చూడండి. ప్రాజోసిన్ అని పెట్టె మీద ఉంటే చాలదు. బీపీకి, ప్రోస్టేటుకు వాడే, రోజంతా మెల్లగా కరిగే రకం తేలుకాటుకు పనికిరాదు. మధ్యలో గీత ఉండి విరిచి ఇవ్వగలిగే మామూలు ఒక మిల్లీగ్రాము మాత్ర కావాలి. అది లేకపోతే ఈ వారమే ఇండెంట్ పెట్టండి. ఉంటే ఎక్స్‌పైరీ తేదీ చూసి, ఆ పెట్టెను యాంటీవీనం అరలోనే, రాత్రి డ్యూటీ నర్సుకు చేతికందే చోట పెట్టండి.